స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండికి ట్యాపెట్ సౌండ్: పానా పట్టే ముందు జాగ్రత్తలు

• ట్యాపెట్ సౌండ్ అంటే ఇంజిన్ వాల్వ్‌ల దగ్గర వచ్చే టకటక. ముందు ఆయిల్ చూడండి. సెంటర్ స్టాండ్ మీద బండిని రెండు మూడు నిమిషాలు నడిపి ఆపాలి. మరో రెండు మూడు నిమిషాలాగి డిప్‌స్టిక్ తుడిచి, మర తిప్పకుండా ముంచి తీయాలి. ఆయిల్ తగ్గినా టకటక వస్తుంది.

• ఇంజిన్ నడిపి వినేటప్పుడు ఆరుబయటే ఉండాలి. తలుపులు మూసిన గదిలో సైలెన్సర్ పొగ ప్రాణం తీస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన హెడ్‌కి (ఇంజిన్‌లో వాల్వ్‌లుండే భాగానికి), పిడి చెవికి ఆనించి వినండి. చున్నీ, కండువా తీసేయండి.

• అడుగు నుంచి దడదడమని బరువైన చప్పుడొస్తే వెంటనే ఆపేయండి. అది కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు, ఇంటి పని కాదు.

• ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వ్ కాడకూ దాన్ని నొక్కే రాకర్ స్క్రూకూ మధ్య సందు, సరిచేయడం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. రాత్రంతా నిలిపి పొద్దున్నే పట్టుకోవడం మేలు.

• స్పార్క్ ప్లగ్ విప్పితే మాగ్నెట్ (ఇంజిన్ పక్క మూత లోపలి చక్రం) తేలిగ్గా తిరుగుతుంది. విప్పేముందు చుట్టూ మట్టి ఊదేయండి, లోపల పడితే సిలిండర్ గీరుకుపోతుంది.

• మాగ్నెట్ మీది ‘టి’ గుర్తు (పిస్టన్ పైకొసకు చేరిందని చెప్పేది) ఇంజిన్ మీది గీతతో కలిసినా రాకర్లు రెండూ చేత్తో కదలకపోతే మాగ్నెట్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

• ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకుల కట్ట) లేకుండా, బండి పుస్తకంలో కొలత చూడకుండా మొదలుపెట్టొద్దు. గేజ్ ఆకు సన్నగా పట్టుకుంటూ జారాలి. లాక్‌నట్ (రాకర్ స్క్రూ కదలకుండా పట్టే నట్) బిగించాక మళ్లీ కొలవండి, గ్యాప్ మారుతుంది. చప్పుడు పోవాలని మరీ బిగిస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోక, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. కాస్త టిక్‌టిక్ ఉన్నా నష్టం లేదు.

• ట్యాపెట్ మూతల ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) కొత్తవి తెచ్చిపెట్టుకోండి.