గోదావరి కథలో అమ్మవారి పూనకం: రాసేటప్పుడు, తీసేటప్పుడు

అతీంద్రియ శక్తుల సీరియల్ అనగానే కథా చర్చలు త్రిశూలం, పుర్రె, నల్ల కండువా మాంత్రికుడి చుట్టూ తిరుగుతాయి. కథ కోనసీమలోనో భీమవరం పక్కనో జరుగుతుంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఆ ఇంట్లో పలికేది ఎవరు? ఊరి అమ్మవారా, చనిపోయాక పేరంటాలుగా పూజలందుకుంటున్న ఆ ఇంటి ఆడపడుచా, ఇలవేల్పు వీరభద్రుడా? ఒక్కొక్కరు అడిగేది ఒకటి, శాంతించే తీరు ఒకటి. ఇది తేలకుండా మాటలు రాస్తే ముగ్గురూ “నేనే ఆదిశక్తిని” అనే అరుస్తారు.

పూనకం ఒక్కసారిగా రాదు. డప్పు దరువు నెమ్మదిగా మొదలవుతుంది, సాంబ్రాణి పొగ కమ్ముతుంది. మనిషికి ఆవులింతలు, ఒళ్లు విరుపులు, కాళ్లలో వణుకు. ఆ తర్వాతే జుట్టు ముడి వీడుతుంది, వేపమండలు చేతికి వస్తాయి. 22 నిమిషాల ఎపిసోడ్‌లో దీనికి మూడు నాలుగు నిమిషాలు ఇవ్వండి. అందులో మొదటి నిమిషంన్నర మాట ఉండకూడదు, ప్రతి మొహం మీదా మూడేసిసార్లు జూమ్ అసలే ఉండకూడదు. కళ్లలో ఎర్ర లైటు కూడా వద్దు. పక్కనున్న ముసలామె గబుక్కున చెంపలేసుకుంటే చాలు, చూసేవాళ్లకి విషయం తెలిసిపోతుంది.

డప్పు దరువు ముందే రికార్డు చేసి సెట్లో వినిపించండి. డబ్బింగ్‌లో తర్వాత కలిపితే నటి కాళ్లు ఒక లయలో, చప్పుడు మరో లయలో పోతాయి. డప్పు విని పెరిగిన ఊళ్లవాళ్లు దీన్ని ఇట్టే పట్టేస్తారు.

ఇక మాటలు. ఊరి అమ్మవారు సంస్కృత శ్లోకాలు చదవదు, ఆ ఊరి తెలుగులోనే తిడుతుంది. ఊరి ప్రెసిడెంటునైనా “ఒరేయ్” అనే పిలుస్తుంది. జనం మాత్రం “తల్లీ” అంటారు. ప్రశ్నలు అడిగేది ఇంటి పెద్ద.

“ఎవరు తల్లీ నువ్వు? మా వల్ల ఏం లోటు జరిగింది?”

“ఏడాదైందిరా. గుక్కెడు పానకం పోశారా నాకు?”

ఆమె అడిగేది పానకం, చలిమిడి, చీర, ఆగిపోయిన జాతర. ప్రతినాయకుడి తల అడిగించారంటే కథ ఆమె చేతిలోంచి మీ చేతిలోకి వచ్చేసినట్టే. అడిగింది ఒప్పుకున్నాక హారతి ఇస్తారు, పసుపునీళ్లు పోస్తారు, మనిషి సోలిపోతుంది. లేచాక తనేమన్నదీ ఆమెకు గుర్తుండదు. తర్వాతి నలభై ఎపిసోడ్ల కథంతా ఈ మరుపులో దొరుకుతుంది, చాలామంది దీన్ని వాడుకోకుండా వదిలేస్తారు.

గుడిలో ఎవరున్నారో చూసుకోండి. గరగ (అమ్మవారి రూపంగా అలంకరించిన కుండ) నెత్తిన పెట్టుకుని ఆడే కళాకారులు, అమ్మవారి పాటలు పాడే ఆసాదులు, పోతురాజు రాయి లేకుండా పట్టుపంచె అర్చకుడు ఒక్కణ్ణే నిలబెడితే అది వేరే గుడి అయిపోతుంది. ఇప్పుడు కొన్ని అమ్మవారి గుళ్లలో బ్రాహ్మణ అర్చకులూ ఉన్నారు. అలాంటి చోట జాతర రోజు ఎవరి పని ఏదో అడిగి తెలుసుకుని రాయండి. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన ప్రభలు శివుడి రూపాలైన ఏకాదశ రుద్రులవి. ఆ దృశ్యాలు తెచ్చి అమ్మవారి జాతరలో అతికించకండి.

ఎడిటింగ్‌లో ఎక్కువగా జరిగే తప్పు షాట్‌ని కుడి ఎడమలు తిప్పడం. ప్రదక్షిణ అప్రదక్షిణం అవుతుంది. ఎడమ భుజం మీది జంధ్యం కుడి భుజానికి మారి, పెళ్లి జరిపించే పురోహితుడు పితృకార్యం చేస్తున్నట్టు కనిపిస్తాడు. తిప్పక తప్పదంటే జంధ్యం, పమిట, గుడి బోర్డు లేని షాట్ ఎంచుకోండి.

పసుపు తడిపిన చీరలు మూడు జతలు ఉంచుకోండి. పసుపు ఎండకి వెలుస్తుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. సున్నం కలిపినా అంతే, దిష్టికి తీసే ఎర్రనీళ్లు అవే. దొంగస్వామి పాత్ర ఉంటే ఈ గుణం పనికొస్తుంది. ఇలాంటిదే ఇంకొకటి: కత్తికి మందారపువ్వు రుద్ది ఆరబెట్టి నిమ్మకాయ కోస్తే రసం ఎర్రగా కారుతుంది. మూఢనమ్మకాల మీద ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదికవాళ్లు ఊళ్లలో చేసి చూపించే రకం కిటుకే ఇది. అయితే ఏ మహిమ నిజమో ఏది కిటుకో మొదటి వారానికే రచయితకు స్పష్టంగా ఉండాలి.

నిజం సాంబ్రాణి దగ్గరి షాట్లకే, మిగతాదానికి ఫాగ్ మెషీన్. హారతి దగ్గర నిలబడేవాళ్లకి నూలు చీరలే కట్టించండి, నైలాన్ వద్దు. నీళ్ల బకెట్ ఫ్రేముకి ఆనుకునే ఉండాలి.

పాము కథలైతే కోరిన రూపం దాల్చే ఇచ్ఛాధారి నాగిని ఇక్కడి సరుకు కాదు. డెల్టాలో పాము అంటే సుబ్బారాయుడు: నాగులచవితికి పుట్టలో పాలు, చిమ్మిలి, చలిమిడి, షష్ఠికి బిక్కవోలు, అత్తిలి తీర్థాలు, పిల్లల కోసం మొక్కులు, పుట్టాక ఆ పేరే పెట్టుకోవడం. పగ కంటే మరిచిపోయిన మొక్కు మీద కథ నడిపితే ఇంటింటికీ తగులుతుంది. బతికున్న పాముని తేవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. గ్రాఫిక్స్‌తో సరిపెట్టండి.

దెయ్యం వదిలించడానికి లాటిన్ చదివే ఫాదర్‌ని దింపడం మరో అరువు. ఇక్కడి ఊళ్లలో దెయ్యం పట్టిందనుకునే కుటుంబం చర్చి వైపు చూస్తే పిలిచేది పాస్టర్ గారిని. ఉపవాస ప్రార్థన, తల మీద చెయ్యి, ప్రార్థించి ఇచ్చిన నూనె ఉంటాయి. దర్గాలో తాయెత్తు కట్టించుకునే వాళ్లలో హిందువులూ ఉంటారు. ఒకే ఇంటివాళ్లు గుడికీ, పాస్టర్ దగ్గరికీ, దర్గాకీ వెళ్లడం మామూలే, అలాగే రాయండి.

1994 కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో 6వది మతాల మీద దాడినీ, మూఢనమ్మకాల ప్రోత్సాహాన్నీ రెండింటినీ నిషేధిస్తుంది. ఎపిసోడ్ ముందు వేసే హెచ్చరిక కార్డుతో పని అయిపోదు. మూర్ఛ వచ్చిన పిల్లని మండలతో కొట్టే సీను రాస్తే, ఆసుపత్రికి తీసుకెళ్దామనే మనిషి అదే ఎపిసోడ్‌లో ఉండాలి, ఆ మనిషి విలన్ కాకూడదు.

చివరగా షెడ్యూల్. అమ్మవారి ఘటాన్ని కాలువలో కలిపే సీను మే నెలలో పెట్టుకోకండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అడుగున బురదే ఉంటుంది. జూన్‌లో నీళ్లు వదిలాక తీయండి, లేదా గోదావరి పాయ దగ్గరికి యూనిట్‌ని తరలించండి.