దవావో నుంచి దహికాన్ బీచ్‌కి ఇలా వెళ్లండి
ఫిలిప్పీన్స్‌లోని దవావోలో డాక్టరు చదువు చదివే మన పిల్లలు సెలవు దొరికితే ఎదురుగా ఉన్న సమాల్ దీవికే వెళ్తుంటారు. ఒక్కసారి మాటి అనే ఊరి దగ్గరి దహికాన్ బీచ్ చూడండి, దాదాపు 7 కిలోమీటర్ల తెల్లటి ఇసుక, తూర్పు తీరం కాబట్టి సూర్యోదయం కళ్లెదుటే, తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే చోటు కూడా (రాత్రి ఒడ్డున టార్చిలైట్లు వేయకండి, దయచేసి).

ఎకోలాండ్ బస్టాండులో మాటి బస్సు పొద్దున్నే ఎక్కితే సుమారు నాలుగు గంటలు, అక్కణ్ణుంచి ట్రైసికిల్ (పక్కన సీటు బిగించిన మోటారు బైక్) గానీ, హబల్-హబల్ అనే బైక్ గానీ ఎక్కాలి, బేరం ముందే మాట్లాడుకోండి. చిన్న రిసార్టులు బుకింగ్ యాప్‌లలో కనిపించకపోవచ్చు, వాళ్ల ఫేస్‌బుక్ పేజీకే మెసేజ్ పెట్టి గది ఖాయం చేసుకోండి. నగదు మాటిలోనే డ్రా చేసుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా అలలు పెద్దవి, ఈత రానివాళ్లు లోపలికి వెళ్లొద్దు.