వేసవి సెలవుల్లో పనికి కుదరాలనుకుంటున్నారా? ముందు పుట్టిన తేదీ చూసుకోండి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో మాది నోటు పుస్తకాలు, జిరాక్స్ కొట్టు. పదో తరగతి పరీక్షలు అయిపోగానే “అక్కా, సెలవుల్లో ఏమైనా పని ఉంటే చెప్పండి” అంటూ పిల్లలు వస్తారు. బడులు తెరిచే ముందు మాకూ చేతులు చాలవు. తరగతుల వారీగా సెట్లు కట్టాలి, అట్టలు వేయాలి, పేర్ల చీటీలు అంటించాలి. అయినా ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది పుట్టిన తేదీయే. పదో తరగతి మార్కుల జాబితా గానీ, జనన ధ్రువపత్రం గానీ నకలు తీసి మీ దగ్గర ఉంచుకోండి.

14 ఏళ్ళు నిండకపోతే బయటివారి దగ్గర పనికి కుదరకూడదు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక ఇది టీ కొట్టుకూ, బట్టల దుకాణానికీ, ఇళ్ళలో అంట్లు తోమే పనికీ ఒకటే. సొంత కుటుంబ వ్యాపారంలో మాత్రం సెలవుల్లో చేదోడుగా ఉండవచ్చు. అదీ ప్రమాదం లేని పని అయితేనే, రోజుకు 3 గంటలు మించకుండా. కుటుంబం అంటే అమ్మానాన్నలు, తోబుట్టువులు, ఆపైన మేనత్త, మేనమామ, బాబాయి, పిన్ని వరకే. “మా ఊరి పిల్లాడే, మాకు దూరపు చుట్టం” అని తెచ్చి కొట్టులో నిలబెడితే చట్టం ఒప్పుకోదు. అంత చిన్నవాళ్ళు వస్తే నేను దగ్గరలోని పౌర గ్రంథాలయానికి పంపేస్తాను.

14 నిండి 18 నిండని వారు పని చేయవచ్చు. గనులు, పేలుడు పదార్థాలు, మంటలు అంటుకునే సరుకు, ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకరమని చెప్పిన ప్రక్రియలు మాత్రం నిషిద్ధం. ఆటోనగర్‌లో పని నేర్చుకుంటానని కొందరు ఉబలాటపడతారు. ముందు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి షెడ్డు చూడండి. రసాయనాలు, కొలిమి కనిపిస్తే నేనైతే పంపను.

అసలు చిక్కు వేళలతో వస్తుంది. ఈ సంగతి తల్లిదండ్రులకే కాదు, చాలామంది యజమానులకూ తెలియదు. 18 నిండని వారితో రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు. మన ఊళ్ళో వేసవి బేరమంతా ఎండ తగ్గాకే కదా! ఆర్కే బీచ్‌లో జనం పోగయ్యేదీ, ఐస్‌క్రీమ్ బళ్ళకూ హోటళ్ళకూ మనుషులు కావలసిందీ అప్పుడే. “సాయంత్రం ఆరుకు వచ్చి పదకొండుకు వెళ్ళు” అని ఎవరైనా అంటే, పదిహేడేళ్ళ కుర్రాడైనా సరే, ఒప్పుకోవద్దు. ఎక్కువ డబ్బు ఇస్తామన్నా ఒప్పుకోవద్దు.

పగటి పనికీ హద్దు ఉంది. ఏకబిగిన 3 గంటలకు మించకూడదు, తరువాత కనీసం గంట విరామం ఇవ్వాలి. విరామంతో కలిపి మొత్తం 6 గంటలు దాటకూడదు. మా కొట్టులో తొమ్మిదికి వచ్చినవారు పన్నెండుకు భోజనానికి లేస్తారు, ఒంటిగంటకు మళ్ళీ కూర్చుని మూడుకు ఇంటికి వెళ్ళిపోతారు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు. ఓవర్‌టైమ్ ఉండదు. పొద్దున ఒక కొట్టు, మధ్యాహ్నం ఇంకో కొట్టు అని ఒకేరోజు రెండుచోట్ల చేయడమూ కుదరదు. పేరు, పుట్టిన తేదీ, పనివేళలు, విరామం యజమాని రిజిస్టరులో రాయాలి. మీ పేరు అందులో ఉందో లేదో అడిగి చూడండి. నేను సంతోషంగా చూపిస్తాను, ఎవరైనా చూపించాలి.

డెలివరీ పని ఊసు ఎత్తకండి. 16 ఏళ్ళకు వచ్చే లైసెన్సు 50 సీసీ లోపు గేర్లు లేని బండికే పనికొస్తుంది, ఇంట్లో ఉన్న స్కూటీకి కాదు. మైనరు బండితో పట్టుబడితే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు.

కూలి సంగతి సిగ్గుపడకుండా మొదటి రోజే మాట్లాడుకోండి: రోజుకు ఎంత, ఎప్పుడు ఇస్తారు, చేతికా ఖాతాలోకా. పదేళ్ళు దాటినవారు తమ పేరనే పొదుపు ఖాతా నడపవచ్చు, బ్యాంకులో అడగండి. “పని నేర్పాం కదా” అని డబ్బు ఎగ్గొట్టేవారున్నారు, నాకు వాళ్ళ మీద చెప్పలేనంత కోపం. 18 లోపు వారిని పనిలో పెట్టుకుని వారి సంపాదన ఆపేస్తే 2015 బాల న్యాయ చట్టం కింద ఐదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా.

ఎక్కడైనా కొట్టినా, రాత్రిళ్ళు ఆపేసినా, చిన్నపిల్లలు పనిలో కనిపించినా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. ఆ నంబరుకు డబ్బు పడదు, ఏ వేళైనా పలుకుతారు. కొట్టు పేరు, వీధి, దగ్గరలోని గుర్తు చెప్పండి. కార్మిక శాఖ కార్యాలయంలోనూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు.