ఎపిసోడ్‌లో నచ్చింది, నచ్చనిది ఎలా రాయాలి: 'ఫ్లై' తీసుకుని చూద్దాం

క్రైమ్ సిరీస్ ఎపిసోడ్ చూశాక "సూపర్" అనో "బోర్" అనో రాసి వదిలేస్తే చదివేవాళ్లకు ఏమీ అందదు. ఏ సీన్ దగ్గర నచ్చిందో, ఏ సీన్ దగ్గర విసుగొచ్చిందో చెప్పాలి. ఉదాహరణకి బ్రేకింగ్ బ్యాడ్ మూడో సీజన్ పదో ఎపిసోడ్ 'ఫ్లై' తీసుకుందాం, ఎందుకంటే 2010 మేలో వచ్చినప్పటి నుంచి ఫ్యాన్స్ దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. స్పాయిలర్లు ఉన్నాయి, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి. మీరు రాసేటప్పుడు కూడా ఈ మాట పైనే పెట్టండి.

కథ రెండు ముక్కల్లో తేల్చేయాలి. డ్రగ్స్ తయారుచేసే ల్యాబ్‌లోకి ఈగ వచ్చింది, సరుకు పాడవుతుందని హీరో వాల్ట్ దాన్ని చంపేదాకా పని మొదలుపెట్టనివ్వడు, మధ్యలో అతని పార్ట్‌నర్ జెస్సీ ఇరుక్కుంటాడు. అంతే.

నచ్చనిది ముందు రాయండి, అభిమానంతో పొగడటం మొదలుపెడితే తర్వాత దాన్ని దాచేస్తాం. నాకైతే మొదటి సగం సాగదీసినట్టే ఉంటుంది. ముందు ఎపిసోడ్‌లలో వాల్ట్ తోడల్లుడు, డ్రగ్స్ పోలీసు హ్యాంక్ మీద కాల్పులతో అంత టెన్షన్ పెంచాక, ఇక్కడ వాల్ట్ బూటు విసిరి లైటు పగలగొట్టడం, పైనుంచి కింద పడటం చూస్తూ కూర్చోవాలి. ఖర్చు తగ్గించుకోవడానికే దాదాపు మొత్తం ఒకే సెట్‌లో, ఇద్దరు నటులతో తీశామని సృష్టికర్త విన్స్ గిల్లిగన్ స్వయంగా చెప్పాడు. అది తెలిసిందని మార్కులు పెంచక్కర్లేదు, కానీ ఫిర్యాదు సూటిగా మారుతుంది: "కథ కదల్లేదు" అని కాకుండా "ఆ గదిలో ఉన్న ఇద్దరి మధ్య గొడవ చాలా ఆలస్యంగా మొదలైంది" అని రాయగలం.

ఇంకోటి, పాత్ర చేసిన తప్పునీ రచయితల తప్పునీ కలిపేయొద్దు. ముందు సీజన్‌లో జెస్సీ ప్రియురాలు జేన్ చనిపోతుంటే వాల్ట్ చూస్తూ నిలబడ్డాడని మనకు కోపం రావాల్సిందే, అది ఎపిసోడ్ లోపం కాదు.

ఇక నచ్చినదానికి ఒక్క సీన్ ఎంచుకుని వివరంగా రాయండి. జెస్సీ కాఫీలో నిద్రమాత్రలు కలిపాక వాల్ట్ నోరు వదులవుతుంది. తను బతకాల్సిన దానికన్నా ఎక్కువ బతికేశానంటాడు, పసిపాపకి తన భార్య స్కైలర్ పాట పాడుతుంటే బేబీ మానిటర్‌లో విన్న ఆ రాత్రే పోవాల్సిందంటాడు. జేన్ పోయింది కూడా ఆ రాత్రే. తర్వాత జెస్సీ నిచ్చెన ఎక్కి ఈగ కోసం చూస్తుంటే, కింద నిచ్చెన పట్టుకున్న వాల్ట్ జేన్ గురించి సారీ చెప్తాడు. ఇంకొక్క మాట జారితే అన్నీ అయిపోతాయని మనకు తెలుసు, జెస్సీకి తెలీదు, పైగా అది ఎవరి తప్పూ కాదని తిరిగి వాల్ట్‌నే ఓదారుస్తాడు! తుపాకీ లేదు, ఛేజింగ్ లేదు, అయినా ఆ కొద్ది నిమిషాలు ఊపిరి ఆడదు. వాల్ట్‌గా బ్రయాన్ క్రాన్‌స్టన్ గొంతు ఎంత తగ్గుతుందో, జెస్సీగా ఏరన్ పాల్ ముఖంలో ఏం కదులుతుందో రాయండి, "నటన బాగుంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి.

రాశాక ఇంకోసారి చూడండి, అప్పటికీ నిలబడిన మాటలే ఉంచండి. రేటింగ్ చివర్లో ఇవ్వండి. నాది పదికి ఎనిమిది, తగ్గిన రెండూ ఆ మొదటి సగానివే.