పిల్లలతో తెరచాప పడవలో ఉండగా గాలి ముదిరితే ఏం చేయాలి?

పడవ ఎంత గాలిని తట్టుకోగలదన్నది కాదు, అందులో ఎక్కువగా భయపడేవాళ్లు ఎంత తట్టుకోగలరన్నదే కొలతగా పెట్టుకోండి. గాలి 15 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) నుంచి 21కి చేరితే తెరచాప మీద ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. పైగా వాతావరణ సూచనలో చెప్పేది సగటు వేగం. మధ్యమధ్య వచ్చే విసురు అంతకన్నా 40 శాతం ఎక్కువ ఉండొచ్చు. 22 నాట్లు దాటుతుందని సూచన ఉంటే చిన్నపిల్లలతో రేవు వదలకండి.

బయలుదేరే ముందే పిల్లల లైఫ్ జాకెట్ పరీక్షించండి. తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా వచ్చేస్తే నీళ్లలో ఊడిపోతుంది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. హార్నెస్ (మనిషిని పడవకు కట్టి ఉంచే పట్టీల కట్టు) తగిలించడానికి డెక్ (పడవ పైతలం) పొడవునా కట్టేది చదునైన పట్టీ అయి ఉండాలి. గుండ్రటి తాడు కాలి కింద దొర్లి పడేస్తుంది.

పెద్ద తెరచాపను తగ్గించే క్రమం ఇది:

1. పిల్లల్ని బూమ్ (పెద్ద తెరచాప కింది అంచును పట్టి ఉంచే అడ్డ దూలం) తగలని చోట కూర్చోబెట్టండి. పడవను గాలికి దగ్గరగా నడపండి.
2. టాపింగ్ లిఫ్ట్ (బూమ్ వెనక కొసను పైనుంచి పట్టి ఉంచే తాడు) బిగించండి. మరిచిపోతే బూమ్ తలల మీద పడుతుంది. తర్వాత మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపను లోపలికి లాగే తాడు) వదలండి.
3. హాలియార్డ్ (తెరచాపను పైకి ఎత్తే తాడు) వదులుతూ తెరచాప ముందు అంచులోని రీఫ్ రింగును (తెరచాపను తగ్గించడానికి పెట్టిన రింగు) కొక్కేనికి తగిలించండి.
4. హాలియార్డ్‌ను మళ్లీ గట్టిగా బిగించండి.
5. ఆ తర్వాతే వెనక రీఫ్ తాడును, తెరచాప మూల బూమ్‌కు ఆనేదాకా లాగండి.
6. టాపింగ్ లిఫ్ట్ వదులు చేసి, మెయిన్‌షీట్ లాగండి.

4, 5 తారుమారైతే ముందు అంచు బిగుసుకోదు. తెరచాప సంచిలా ఉబ్బి పడవ మరింత ఒరుగుతుంది. తెరచాప మధ్యలో వేలాడే చిన్న తాళ్లను మాత్రం వదులుగానే కట్టండి. బిగించి కడితే, వెనక తాడు తెగినప్పుడు బరువంతా వాటి మీద పడి గుడ్డ చిరుగుతుంది.

ఎవరికైనా వాంతులవుతుంటే, అందరూ అలిసిపోతే పడవను కాసేపు నిలపండి. జిబ్ (ముందుండే చిన్న తెరచాప) తాడు వదలకుండానే టాక్ చేయండి, అంటే పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పి రెండోవైపుకు మళ్లించండి. జిబ్ ఎదురువైపు నిండుతుంది. మెయిన్‌షీట్ వదులు చేసి, చుక్కాని చక్రాన్ని గాలి వచ్చే వైపుకు తిప్పి కట్టేయండి. జిబ్ పడవ ముక్కును ఒకవైపు నెడుతుంటే చుక్కాని రెండోవైపు తిప్పుతుంది. దాంతో ఊగుడు ఆశ్చర్యపోయేంతగా తగ్గుతుంది. అయితే పడవ మెల్లగా గాలివాలుకు కొట్టుకుపోతూనే ఉంటుంది కాబట్టి ఆ దిక్కున తీరం దగ్గరుంటే ఈ పని చేయొద్దు.

వాంతుల మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులో బయలుదేరే ముందే వేయాలి. మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవవు. పిల్లల్ని కింద గదిలో పడుకోబెట్టకుండా, వెచ్చగా కప్పి బయట కూర్చోబెట్టి ఆకాశం, సముద్రం కలిసే గీత వైపు చూడమనండి. వాంతికి బకెట్ ఇవ్వండి, అంచు మీదకి వంగనివ్వకండి.

అందరికీ తొందర పుట్టేది రేవు కనబడ్డాకే, ప్రమాదం కూడా అక్కడే. సముద్రం నుంచి గాలి గట్టిగా వీస్తూ, ఆటుకు నీళ్లు రేవులోంచి బయటికి వస్తుంటే ముఖద్వారం దగ్గర అలలు నిటారుగా లేచి విరుగుతాయి. అలాంటప్పుడు ఒడ్డుకు దూరంగా ఆగి, వీహెచ్ఎఫ్ రేడియోలో (పడవల్లో మాట్లాడుకునే రేడియో) రేవువాళ్లను పరిస్థితి అడిగి, పోటు మొదలయ్యాకే లోపలికి వెళ్లండి.