రెండో హాఫ్ మారథాన్‌కి ముందు మొదటిదాని లెక్కలు తీయండి

మొదటి హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్ల పరుగు) చివర్లో చుక్కలు చూసినవాళ్లు రెండోదానికి పేరు ఇవ్వగానే "ఈసారి గట్టిగా ప్రాక్టీస్ చేస్తా" అంటారు. గట్టిగా అంటే రోజూ వేగంగా అనుకుంటారు. ఆ పని మొదలుపెట్టకముందే వాచీలోనో ఫోన్‌లోనో ఉన్న ఆనాటి రికార్డు తెరవండి. ఏ కిలోమీటరుకి ఎంత పట్టిందో వరసగా ఉంటుంది.

నాది ఇప్పటికీ దాచుకున్నాను. అయిదో కిలోమీటరు దాకా 5:50కి (5 నిమిషాల 50 సెకన్లకి) అటూఇటూ, పన్నెండు దాటాక 6:40, పదిహేడోది 8:15. మీదీ ఇలా మెల్లమెల్లగా దిగజారి ఉంటే ఆరంభంలో వేగం ఎక్కువైనట్టు. గంటన్నర దాటాక ఉన్నట్టుండి ఒంట్లో సత్తువంతా తోడేసినట్టయి తల తేలిపోయిందా, అది పరుగులో తినాల్సింది తినకపోవడం. ఆయాసం లేదు, మాట్లాడగలుగుతున్నారు, కానీ తొడలు, పిక్కలు బిగుసుకుపోయాయంటే కాళ్లు ఆ దూరానికి తయారుకాలేదు. బాగా ఎండ, ఉక్క ఉన్న రోజైతే మాత్రం ఆ టైమ్ చూసి బాధపడకండి. వేడిలో ఎవరి వేగమైనా పడిపోతుంది.

"రెండు గంటల లోపు" లాంటి గుండ్రటి అంకె మీద మోజు నాకు లేదు. ఈమధ్య దమ్ముకొద్దీ పరిగెత్తిన 10 కిలోమీటర్ల టైమ్ తీసుకోండి. పీటర్ రీగెల్ అనే ఇంజనీరు ఇచ్చిన సూత్రం ప్రకారం దాన్ని సుమారు 2.2తో హెచ్చిస్తే హాఫ్ టైమ్ వస్తుంది. పది కిలోమీటర్లు గంటలో అయితే హాఫ్ 2 గంటల 12 నిమిషాలు, అంటే కిలోమీటరుకి దాదాపు 6:16. దూరానికి సరిపడా శిక్షణ ఉంటేనే సుమా.

ఇక అసలు పని. వారానికి నాలుగు పరుగులు చాలు, మూడు నెమ్మదిగా. పక్కవాళ్లతో ఆపకుండా కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా. 6:16 లక్ష్యమైతే ఇవి 7:15, 7:30 దగ్గర నడుస్తాయి. మొదట్లో నామోషీగా ఉంటుంది, వెనక వచ్చినవాళ్లంతా దాటేసి పోతుంటారు. పోనివ్వండి. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగడం, ఒళ్లు కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం నేర్చుకోవడం ఎక్కువగా ఈ పరుగుల్లోనే జరుగుతాయి. నాలుగో రోజు కాస్త ఒళ్లు వేడెక్కాక, రేసు పేస్ (రేసు రోజుకి అనుకున్న వేగం, ఇక్కడ 6:16) కంటే కొంచెం వేగంగా ఎనిమిది నిమిషాల చొప్పున మూడు విడతలు, మధ్యలో రెండేసి నిమిషాలు నెమ్మదిగా.

ఆ మూడు నెమ్మది పరుగుల్లో ఒకటి లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికన్నా పొడుగు పరుగు. చాలామంది 14 కిలోమీటర్ల దగ్గర ఆపేసి మిగతాది రేసు రోజు చూసుకుందాం అనుకుంటారు. ఈసారి 17, 18 దాకా వెళ్లండి. వారానికొకటి చొప్పున 10, 12, 13 చేశాక ఒక వారం 10కి దిగి, మళ్లీ 14, 15, 16. ఇలా మూడు వారాలు ఎక్కి ఒక వారం తగ్గడం మానొద్దు. దూరం అలవాటయ్యాక వారం విడిచి వారం చివరి మూడు కిలోమీటర్లు రేసు పేస్‌లో పరిగెత్తండి. అలిసిన కాళ్లకి ఆ వేగం తెలియాలి. ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి అనిపిస్తే పరుగు ఆపి డాక్టర్‌ని కలవండి.

పిక్కలు పట్టేసినవాళ్లకి ఒక మెట్టు చాలు. అంచున ముందరి పాదం మాత్రమే ఆనించి, మడమ గాల్లో ఉంచి, రెండు కాళ్లతో పైకి లేవండి. పైన ఒక కాలు తీసేసి, రెండోదాని మీదే మూడు లెక్కపెడుతూ దిగండి, మడమ మెట్టు కన్నా కిందికి వచ్చేదాకా. పన్నెండుసార్లయ్యాక కాలు మార్చండి. తర్వాత మోకాలు కాస్త వంచి ఇదే చేస్తే లోపలి కండరం మీద భారం పడుతుంది, పరుగులో ఎక్కువ బరువు మోసేది అదే. వారానికి రెండు రోజులు, మూడేసి విడతలు. గోడ పట్టుకుంటే తప్పేం లేదు.

తిండి విషయానికొస్తే, గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలి. పరుగులో మింగే చక్కెర పాకం ప్యాకెట్లు, అదే జెల్స్, చాలావాటిలో 20-25 గ్రాములే ఉంటుంది. మొదటిది 40 నిమిషాలలోపే తీసుకోండి, నీరసం వచ్చాక కాదు. కడుపు ఒప్పుకుంటుందో లేదో లాంగ్ రన్‌లోనే తేలిపోవాలి. నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. భయంతో లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం.

చివరి రెండు వారాలు దూరం తగ్గించండి, ఆఖరి వారం సగానికి. అప్పుడే కాళ్లు బరువెక్కినట్టు, ఎక్కడో కొత్త నొప్పి పుట్టినట్టు టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో ఇంకో లాంగ్ రన్‌కి వెళ్లకండి.

లక్ష్యం 6:16 అయితే రేసు రోజు మొదటి మూడు కిలోమీటర్లు 6:30లో పోండి, గుంపు లాగినా సరే. తర్వాత 16 దాకా 6:16. అక్కడ ఒక పూర్తి వాక్యం పైకి అనిచూడండి. మధ్యలో ఊపిరి తెగకపోతే వేగం పెంచండి, తెగితే ఉన్న పేస్‌నే పట్టుకుని పోండి.