ఆర్బిట్‌లో ప్రయోగం ముగించడం: ముందు డేటా, తర్వాత ఇమేజ్, ఆఖర్న పవర్

అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీ విన్‌ల్యాబ్‌లో ఉన్న ఆర్బిట్ అనే వైర్‌లెస్ ప్రయోగాల టెస్ట్‌బెడ్ మీద కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఒకటే. మీరు బుక్ చేసుకున్న స్లాట్ అయిపోయేదాకా రీడింగులు తీస్తూ కూర్చోకండి, ఆఖరి అరగంటా సర్దుకోవడానికి ఉంచుకోండి. గ్రిడ్‌లో వరసకు ఇరవై చొప్పున 400 నోడ్లు (వైర్‌లెస్ కార్డులున్న కంప్యూటర్లు) ఉన్నా, వాటిలో ఏదీ మనది కాదు. తర్వాతి వాళ్లు తమ ఇమేజ్ (మొత్తం డిస్క్ కాపీ) లోడ్ చేశారంటే ఆ డిస్క్ మీద మన ఆనవాలు కూడా మిగలదు.

ముందు ట్రాఫిక్ ఆపండి. నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్‌లో ట్రాఫిక్ పంపే క్లయింట్‌ను ఆపి, సర్వర్ ఆఖరి లెక్క చూపించాక దాన్నీ ఆపండి. ప్యాకెట్లను ఫైల్లోకి పట్టే టీసీపీడంప్‌ను కంట్రోల్-సీతోనే ఆపాలి. బలవంతంగా ఆపేసే కిల్ మైనస్ నైన్ కొడితే బఫర్‌లో ఉన్న ప్యాకెట్లు ఫైల్లోకి ఎక్కవు. ఛానెల్, ట్రాన్స్‌మిట్ పవర్, కెర్నల్ వెర్షన్, డ్రైవర్ వివరాలు ఒక ఫైల్లో రాసుకోండి. ఏ నోడ్‌లో ఏ వైఫై కార్డు ఉందో కూడా రాయండి. కొన్నింట్లో ఎథెరోస్, కొన్నింట్లో ఇంటెల్ ఉంటాయి, ఫలితాలు దాన్నిబట్టి మారిపోతాయి.

ఇప్పుడు క్యాప్చర్ ఫైళ్లన్నీ నోడ్లను నడిపించే కన్సోల్ మెషీన్‌లోని మీ హోమ్ డైరెక్టరీకి ఆర్‌సింక్‌తో కాపీ చేసి, రెండు చోట్లా ఎండీ5 (ఫైలు మారలేదని తేల్చే చెక్‌సమ్) సరిచూసుకున్నాకే నోడ్ మీద చెరిపేయండి. ఇమేజ్ తీసేది డిస్క్‌లో వాడుతున్న బ్లాకులనే. పెద్ద క్యాప్చర్ లోపల ఉండిపోతే ఇమేజ్ ఉబ్బుతుంది, సేవ్ అవడానికీ, రేపు లోడ్ అవడానికీ అంత సేపూ పడుతుంది.

అందరూ దాటేసే మెట్టు ఆ తర్వాతదే. నోడ్‌లోకి రూట్‌గా (అడ్మిన్‌గా) లాగిన్ అయి, ఇమేజ్ తీయడానికి నోడ్‌ను సిద్ధం చేసే ప్రిపేర్ స్క్రిప్టు అక్కడే ఉంటుంది, దాన్ని నడపండి. పాత లినక్స్ వెర్షన్లలో, పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్ ఈ నోడ్ నెట్‌వర్క్ కార్డుల మ్యాక్ అడ్రసులను (కార్డు సొంత గుర్తింపు నంబర్లను) ఒక రూల్స్ ఫైల్లో గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఫైలుతోపాటే ఇమేజ్ తీసి వేరే నోడ్ మీద వేశారనుకోండి, అక్కడి కార్డుల అడ్రసులు వేరు. "ఈత్ జీరో పేరు ఇంతకుముందే ఇంకొకరికి ఇచ్చాను" అన్నట్టు సిస్టమ్ కొత్త కార్డుకు ఈత్ టూ లాంటి పేరు పెడుతుంది. మనం లాగిన్ అయ్యే కంట్రోల్ నెట్‌వర్క్ లేవదు. నోడ్ బూటయినా ఎస్ఎస్‌హెచ్‌కు (దూరం నుంచి చేసే లాగిన్‌కు) పలకదు, లోపం ఎక్కడుందో బయటినుంచి కనబడదు. ప్రిపేర్ ఆ రూల్స్‌నూ, పాత లాగ్‌లనూ తుడిచి, నోడ్‌ను తనే ఆపేస్తుంది.

ఆపైన కన్సోల్ నుంచి ఓఎంఎఫ్ (టెస్ట్‌బెడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) సేవ్ కమాండుకు ఆ నోడ్ పూర్తి పేరివ్వండి. పంపే నోడ్‌లోనూ అందుకునే నోడ్‌లోనూ ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే ఒక్క ఇమేజ్ చాలు. అయిపోగానే స్క్రీన్ మీద కనిపించే ఎన్‌డీజెడ్ ఫైలు (అదే మీ ఇమేజ్) పేరు వెంటనే కాపీ చేసుకోండి.

సేవ్ అయిందని లేచిపోవద్దు. అదే ఇమేజ్‌ను రెండో నోడ్ మీద లోడ్ చేసి, ఆన్ చేసి, లాగిన్ అయి, వైర్‌లెస్ ఇంటర్‌ఫేస్ లేస్తోందో లేదో చూడండి. ఇమేజ్ పనికొస్తుందని నేను నమ్మేది అప్పుడే. శాండ్‌బాక్సులనే చిన్న టెస్ట్‌బెడ్‌లలో చాలావాటిలో రెండేసి నోడ్లుంటాయి కాబట్టి అక్కడ కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు.

అంతా అయ్యాక ఓఎంఎఫ్ టెల్ కమాండుతో నోడ్లన్నీ ఆపండి. అందులో హార్డ్ ఆఫ్ అంటే కరెంటు తీసేయడమే. మెమరీలో ఉండి డిస్క్‌కు చేరనిదేదైనా పోతుంది, అందుకే దాన్ని ఆఖరుకు ఉంచాను. ప్రయోగం స్క్రిప్టులను మాత్రం ఇమేజ్‌లో దాచకండి, వెర్షన్లు దాచే గిట్‌లో పెట్టండి. ఇమేజ్ పేరూ, గిట్ కమిట్ నంబరూ (స్క్రిప్టుల ఆ వెర్షన్ గుర్తు) ఒకే ఫైల్లో పక్కపక్కన రాసుకుంటే, పేపర్ రివ్యూయర్ ఆర్నెల్ల తర్వాత ఇంకో గ్రాఫ్ అడిగినా అదే సెటప్‌ను మళ్లీ లేపగలుగుతారు.